వ్యవసాయ కూలీల పనిలేని కాలం: మొత్తం దినాలు కాదు, విరామాల నిడివి కొలవాలి

పల్నాడు జిల్లా రాజుపాలెం మండలంలో జనవరి నుంచి మార్చి వరకు ఏ రైతును కదిపినా వినిపించే మాట ‘కూలీలు దొరకడం లేదు’. మిరప కోతలు ఒక్కసారిగా మీద పడతాయి. ఉన్న ముఠాలు చాలవు. పొరుగు మండలాలకు ఆటోలు పంపవలసి వస్తుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు పల్నాడు పొలాల్లో మకాం వేస్తాయి. ఏప్రిల్‌లో కల్లాలు ఖాళీ అయిన నాటి నుంచి తొలకరి పడే వరకు అదే మండలంలో కూలి కుటుంబాల నోట వినిపించే మాట ‘పని లేదు’. ఈ రెండు మాటలూ నిజమే. గ్రామం ఒక్కటే, సంవత్సరం ఒక్కటే. అయితే వ్యవసాయ పరిశోధన మొదటి మాటను మాత్రమే లెక్కలోకి తీసుకున్నది. కూలీల కొరతకు యంత్రాలు, కలుపు మందులు, నేరుగా విత్తే పద్ధతులు, డ్రోన్ పిచికారీ వంటి సమాధానాలు వెతికింది. రెండవ మాట ఆర్థికశాస్త్రానిదనో, సంక్షేమ శాఖలదనో పక్కన పెట్టింది.

ఈ విభజన శాస్త్రీయంగా సమర్థనీయం కాదు. కొరత, నిరుద్యోగం రెండూ ఒకే పంట క్యాలెండరు నుంచి పుట్టినవి. ఆ క్యాలెండరును రూపొందించేది, మార్చమని సిఫారసు చేసేది సేద్య విజ్ఞానమే. కనుక కూలి కుటుంబానికి పని లేని విరామం ఎప్పుడు మొదలవుతున్నది, ఎంతకాలం సాగుతున్నది, దేనితో ముగుస్తున్నది అన్న ప్రశ్నలు సేద్య పరిశోధనలో భాగం కావాలి. ఏడాదికి ఎన్ని పని దినాలు దొరికాయన్న మొత్తం ఇందుకు చాలదు.

వర్షపాతం నేర్పిన పాఠం

మెట్ట సేద్యం మీద పనిచేసిన ఏ శాస్త్రవేత్తకైనా ఈ వాదన కొత్తది కాదు. ఒక ఖరీఫ్‌లో సాధారణ వర్షపాతం నమోదైందన్నంత మాత్రాన పంట పండిందని ఎవరూ చెప్పరు. కురిసిన వాన ఎన్ని రోజులలో కురిసింది, రెండు వానల నడుమ బెట్ట ఎన్నాళ్లు సాగింది, ఆ బెట్ట పంట ఏ దశలో వచ్చింది అని అడుగుతారు. 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి కురిస్తే దానిని వర్షపు దినంగా భారత వాతావరణ శాఖ లెక్కిస్తుంది. ఈ వర్షపు దినాలను, పొడి దినాలను వరుసగా పేర్చి, నేడు పొడి దినమైతే రేపు కూడా పొడి దినమయ్యే సంభావ్యత ఎంత అని లెక్కగట్టే మార్కోవ్ శృంఖల పద్ధతిని 1962లో గాబ్రియేల్, న్యూమన్ టెల్ అవీవ్ వర్షపాతానికి వర్తింపజేశారు. నాటి నుంచి బెట్ట కాలాల విశ్లేషణ వర్షాధార వ్యవసాయ పరిశోధనలో నిత్య వ్యవహారమైంది. విత్తే తేదీ, అంతరపంట, కీలక దశలో రక్షక తడి వంటి సిఫారసులన్నీ దాని మీద ఆధారపడినవే.

కూలి కుటుంబపు ఆదాయానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. ఒక ఊహాత్మక ఉదాహరణ చూడవచ్చు. ఇద్దరు కూలీలకు ఏడాదిలో చెరి 180 రోజులు పని లేదు. మొదటి వ్యక్తికి అవి ఆరేసి రోజుల చొప్పున ముప్పై విరామాలు. రెండవ వ్యక్తికి అరవయ్యేసి రోజుల చొప్పున మూడు విరామాలు. మొత్తం ఒక్కటే. మొదటి ఇల్లు చేబదులుతోనో, కిరాణా కొట్టులో అరువుతోనో గడుస్తుంది. రెండవ ఇల్లు అప్పు చేయక తప్పదు. ఆ అప్పు ముఠా మేస్త్రి దగ్గరో, భూస్వామి దగ్గరో ముందస్తు కూలి రూపంలో తీసుకున్నదైతే, రాబోయే కోతల్లో బేరమాడే శక్తి ముందే పోయినట్లు. అంటే మే నెలలో విరామం ఎంత సాగిందన్నది జనవరిలో ఏ కూలికి పనిచేయవలసి వస్తుందో నిర్ణయించగలదు. దినాల మొత్తం చూపే పట్టికలో ఈ ఇద్దరూ సమానులే.

ఇప్పటి కొలతలు ఏమి చూపుతున్నాయి

భారతదేశంలో నిరుద్యోగాన్ని కొలిచే పద్ధతుల మీద లోతైన చర్చ కొత్తది కాదు. ఎం.ఎల్. దంత్‌వాలా అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 1970లో ఇచ్చిన నివేదిక, స్వయం ఉపాధి, రోజు కూలి కలగలిసిన దేశంలో నిరుద్యోగాన్ని ఒకే సంఖ్యగా చెప్పడం అర్థరహితమని వాదించింది. ఆ వెలుగులో జాతీయ నమూనా సర్వే 1972–73 నాటి 27వ విడత నుంచి సంవత్సర స్థితి, వారపు స్థితి, రోజువారీ స్థితి అనే మూడు కొలతలను చేపట్టింది.

ఈ మూడూ ఉపయోగకరమైనవే. కానీ మూడూ ఒక నిర్ణీత కాలపు కిటికీలోంచి చూసేవే. వారపు స్థితి ప్రకారం గడచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజున ఒక గంట పని చేసినా ఆ వ్యక్తి ఉపాధి పొందిన వారి జాబితాలో చేరతారు. వారానికి ఒక్క రోజు కలుపు తీతకు వెళ్లిన మహిళ, వారమంతా సున్నపు బట్టీలో పనిచేసిన పురుషుడు ఆ పట్టికలో ఒక్కటే. రోజువారీ స్థితి పూటల లెక్కన పని లేని దినాలను కూడుతుంది. అయితే ఆ దినాలు వరుసగా వచ్చినవా, చెదురుమదురుగా వచ్చినవా అన్నది కూడికలో కలిసిపోతుంది.

ఇక్కడ ఒక మంచి మార్పును గుర్తించవలసి ఉన్నది. 2017లో మొదలైన ఆవర్తన శ్రామిక శక్తి సర్వేలో గతంలో పట్టణ కుటుంబాలనే మళ్లీ మళ్లీ కలిసేవారు. 2025 జనవరి నుంచి గ్రామీణ కుటుంబాలను కూడా వరుసగా నాలుగు నెలలు, నెలకొకసారి కలుస్తున్నారు. ఒకే కుటుంబం స్థితి నెలనెలా ఎలా మారుతున్నదో చూసే అవకాశం దీనితో ఏర్పడింది. అయితే ఆ నమూనా రాష్ట్ర, దేశ స్థాయి అంచనాల కోసం ఉద్దేశించినది. రాజుపాలెం వంటి ఒక్క మండలంలో కాలువ కింది గ్రామానికీ, మెట్ట గ్రామానికీ గల తేడాను అది చెప్పలేదు. ఆ పని స్థానికంగానే జరగాలి.

అటువంటి పని తెలుగు నేల మీద జరగని విషయమేమీ కాదు. ఇక్రిశాట్ 1975లో ప్రారంభించిన గ్రామ స్థాయి అధ్యయనాల్లో నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు గ్రామాలున్నాయి. పరిశోధకులు గ్రామంలోనే నివసించి, మూడు నాలుగు వారాలకొకసారి అవే కుటుంబాలను కలిసి, సేద్యంతో పాటు కూలి పనిని, కోరినా పని దొరకని దినాలను కూడా రాసుకున్నారు. వాకర్, రయాన్ 1990లో వెలువరించిన గ్రంథానికి ఆ సమాచారమే పునాది. తరువాతి దశలో పల్నాడుకు పొరుగున ఉన్న నాటి ప్రకాశం జిల్లా గ్రామాలు జె.సి. అగ్రహారం, పమిడిపాడు కూడా ఆ పరిశీలనలో చేరాయి. పంటను, కూలిని ఒకే పుస్తకంలో రాయడం సాధ్యమేనని ఆ అనుభవం నిరూపించింది.

విరామాన్ని కొలిచే గణితం

ఒక సంఘటన జరగడానికి ఎంతకాలం పడుతుందో లెక్కగట్టే గణితాన్ని మనుగడ విశ్లేషణ అంటారు. వైద్యశాస్త్రంలో 1958లో కాప్లాన్, మయర్ ప్రతిపాదించిన అంచనా పద్ధతి, 1972లో డేవిడ్ కాక్స్ ప్రతిపాదించిన రిగ్రెషన్ పద్ధతి దీనికి మూలస్తంభాలు. 1979లో టోనీ లాంకాస్టర్ బ్రిటన్‌లోని నైపుణ్యం లేని కార్మికుల నిరుద్యోగ కాలానికి ఈ పద్ధతులను అన్వయించిన తరువాత ఆర్థికశాస్త్రంలో ఇదొక స్థిరమైన శాఖగా ఎదిగింది.

సేద్య శాస్త్రవేత్తకు ఇది అపరిచితం కాదు. మిరప విత్తనపు మొలక పరీక్ష 14వ రోజున ముగుస్తుంది. ఆ నాటికి మొలకెత్తని విత్తనాల్లో కొన్ని చచ్చినవి, కొన్ని ఇంకా తాజాగా ఉన్నవి. తాజా విత్తనం ‘ఎప్పటికీ మొలవదు’ అని రాయడం తప్పు. ‘14 రోజుల వరకు మొలవలేదు’ అన్నది మాత్రమే తెలిసిన సత్యం. సర్వే ముగిసే నాటికి ఇంకా పని దొరకని కూలి పరిస్థితి కూడా ఇంతే. ఆ విరామం పూర్తి నిడివి తెలియదు, అయినా ఇంతవరకు సాగిందన్నది విలువైన సమాచారం. దీనినే సెన్సారింగ్ అంటారు. అసంపూర్ణంగా కనిపించిన ఈ విరామాలను పారవేస్తే దీర్ఘ విరామాలే ఎక్కువగా పోతాయి, సగటు తప్పుగా తగ్గుతుంది.

ఒక చిన్న లెక్క దీనిని స్పష్టం చేస్తుంది. ఒక గ్రామంలో 20 విరామాలు మొదలయ్యాయనుకుందాం. మొదటి వారంలో 8 మందికి పని దొరికింది, 12 మంది మిగిలారు. వారిలో ముగ్గురు ఆ వారం చివర ఊరు విడిచి వెళ్లారు. రెండవ వారంలో మిగిలిన 9 మందిలో ముగ్గురికి, మూడవ వారంలో 6 మందిలో ఒకరికి పని దొరికింది. కాప్లాన్–మయర్ పద్ధతిలో మూడు వారాలు దాటి సాగే విరామాల వాటా 12/20, 6/9, 5/6ల లబ్ధం, అనగా 33 శాతం. ఊరు విడిచిన ముగ్గురిని లెక్క నుంచి తొలగిస్తే 5/17, అనగా 29 శాతం. వారికి పని దొరికిందని ఊహిస్తే 25 శాతం. ముగ్గురిని ఎలా లెక్కించామన్న దాన్ని బట్టి ఫలితం ఇంతగా మారుతున్నది.

పైగా వలస యాదృచ్ఛికంగా జరిగేది కాదు. ఇంటి దగ్గర పని దొరికే ఆశ లేనివారే ముందు వెళతారు. అట్టి స్థితిలో కాప్లాన్–మయర్ అంచనా సైతం తక్కువ చూపుతుంది. కనుక గ్రామంలో కూలి, సున్నపు బట్టీ లేదా క్వారీ పని, ప్రభుత్వ ఉపాధి పని, వలస అనేవాటిని విరామం ముగిసే వేరువేరు మార్గాలుగా నమోదు చేసి, పోటీపడే ముగింపులుగా విశ్లేషించాలి. పిడుగురాళ్ల సున్నపు పరిశ్రమ పక్కనే ఉన్న రాజుపాలెం, కొండమోడు వంటి చోట్ల పురుషుల విరామాలకు ఒక ముగింపు ఉన్నది. మహిళలకు అదే ముగింపు అంతే సులభంగా లభిస్తున్నదా అన్నది విడిగా చూడవలసిన ప్రశ్న.

మూడు ఉచ్చులు

ఈ గణితాన్ని వాడేవారు మూడు చోట్ల జాగ్రత్త వహించాలి.

మొదటిది నిడివి పక్షపాతం. ఏడాది పొడవునా సమంగా మొదలయ్యే వంద విరామాల్లో 90 ఒక్కొక్క వారం, 10 ఇరవయ్యేసి వారాలు సాగుతాయనుకుందాం. విరామాల సగటు నిడివి 2.9 వారాలు. ఏదో ఒక రోజున గ్రామానికి వెళ్లి, ఆనాడు పని లేనివారిని మాత్రమే ప్రశ్నిస్తే వారిలో సుమారు 69 శాతం మంది ఇరవై వారాల విరామంలో ఉన్నవారే. వారి విరామాల సగటు 14 వారాలు దాటుతుంది. ఒకే గ్రామం గురించి ‘విరామాలు స్వల్పమైనవి’ అని ఒక నివేదిక, ‘పని లేనివారిలో అత్యధికులు దీర్ఘకాలంగా లేనివారు’ అని మరొక నివేదిక చెప్పవచ్చు. రెండూ సరైనవే. మొదలైన విరామాలను లెక్కించారా, కొనసాగుతున్న విరామాలను లెక్కించారా అన్నది చెప్పని నివేదికను విద్యార్థులు అనుమానంతో చదవాలి.

రెండవది కూలీల మధ్య భిన్నత. పని లేని కాలం పెరిగేకొద్దీ పని దొరికే అవకాశం తగ్గుతున్నట్లు సమాచారం తరచుగా చూపుతుంది. దీనిని బట్టి ‘ఎక్కువకాలం ఖాళీగా ఉన్నవారు పనికి అలవాటు తప్పుతారు’ అన్న తీర్మానానికి రావడం తొందరపాటు. వంద మంది కూలీలకు వారానికి 60 శాతం చొప్పున, మరో వంద మందికి 10 శాతం చొప్పున పని దొరికే అవకాశం ఉన్నదనుకుందాం. ఎవరి అవకాశమూ వారం వారం మారదు. అయినా రెండు వందల మందిని కలిపి చూస్తే మొదటి వారంలో 35 శాతానికి, రెండవ వారంలో మిగిలినవారిలో 25 శాతానికి, మూడవ వారంలో 18 శాతానికి పని దొరుకుతుంది. మారింది మనుషులు కాదు, మిగిలినవారి మేళవింపు. గట్టి గింజలు కలిసిన పప్పుజాతి విత్తన రాశిలో రోజురోజుకూ మొలక తగ్గడం వంటిదే ఇది. అందులో ఏ గింజా బద్ధకించలేదు. ముఠాలో పేరున్నవారు, లేనివారు. వయసు మళ్లినవారు, పసిపిల్లల తల్లులు. ఊరి నడుమ ఉండేవారు, శివారు కాలనీవారు అన్న తేడాలు నమోదు కాకపోతే, విస్తరణ సిబ్బంది నింద వేయకూడని వారి మీద నింద వేస్తారు.

మూడవది రెండు గడియారాల సమస్య. విరామం మొదలై ఎన్ని వారాలైందన్నది ఒక గడియారం, క్యాలెండరులో అది ఏ వారమన్నది మరొకటి. మిరప కోతలు ముగియగానే గ్రామంలో అందరి విరామాలూ దాదాపు ఒకేసారి మొదలవుతాయి, తొలకరితో దాదాపు ఒకేసారి ముగుస్తాయి. ఒకే గ్రామం, ఒకే సంవత్సరం సమాచారంతో ఈ రెండు గడియారాలను విడదీయడం సాధ్యం కాదు. నాగార్జునసాగర్ కుడి కాలువ కింది గ్రామాన్ని, మెట్ట గ్రామాన్ని కలిపి, కనీసం రెండు మూడు సంవత్సరాలు పరిశీలిస్తే నీటి విడుదల తేదీ, వానల తేదీ మారడం వల్ల ఆ విభజన వీలవుతుంది. కాక్స్ పద్ధతిలో కాలంతో మారే చలరాశులుగా కోత వారాన్ని, కాలువ నీటిని, వర్షపు దినాలను చేర్చడం సేద్య శాస్త్రవేత్తలు అందరికన్నా బాగా చేయగల పని.

సిఫారసుల్లో కనిపించని వరుస

సాగు ఖర్చుల పట్టికలో కూలి ఒక వ్యయం. పత్తిలో కలుపు మందు వాడితే ఎకరానికి ఇన్ని కూలి దినాలు తగ్గాయని, నికర ఆదాయం ఇంత పెరిగిందని పరిశోధనా వ్యాసాలు చెబుతాయి. రైతు దృష్టితో అది న్యాయమైన లెక్క. చిన్న రైతు కూడా కూలి భారం మోయలేకపోతున్నాడన్నది వాస్తవం. అయితే తగ్గిన ఆ దినాలు ఏ వారాల్లోనివి అన్న వరుస పట్టికలో ఉండదు.

ఆ వరుస చేరిస్తే రెండు పద్ధతుల మధ్య తీర్పే మారవచ్చు. జనవరి, ఫిబ్రవరిలో కూలీలు దొరకనప్పుడు పని భారం తగ్గించే యంత్రం ఎవరికీ పెద్దగా నష్టం చేయదు. జూలై, ఆగస్టులో మహిళలకు దొరికే కలుపు తీతనో, నాట్లనో తొలగించే పద్ధతి వేసవి విరామాన్ని మరికొన్ని వారాలు పొడిగిస్తుంది. రెండూ ఎకరానికి అవే కూలి దినాలను ఆదా చేసి ఉండవచ్చు. అలాగే పత్తి తీత ఇప్పుడు అక్టోబరు నుంచి విడతలు విడతలుగా సాగుతున్నది. అధిక సాంద్రత సాగు, యంత్రంతో ఒకేసారి తీత అన్న దిశలో పరిశోధన ముందుకు సాగితే తగ్గేది దినాల సంఖ్య ఒక్కటే కాదు, ఆ దినాలు నెలల మీద పరచుకుని ఉన్న తీరు కూడా.

చీడపీడల నష్టం లెక్కలోనూ ఇదే లోపం. 2021–22లో నల్ల తామర పురుగు గుంటూరు, పల్నాడు ప్రాంతపు మిరపను దెబ్బతీసినప్పుడు అనేక మంది రైతులు తోటలు తీసివేశారు. నష్టాన్ని ఎకరాల్లో, క్వింటాళ్లలో అంచనా వేశారు. ఆ తోటల్లో దొరకవలసిన కోత కూలి పోయి, వేసవి విరామం ఎంతమందికి జనవరిలోనే మొదలైందో చెప్పే లెక్క ఆ అంచనాల్లో చోటు చేసుకోదు. ధరలు పడిపోయినప్పుడూ అంతే. 2025 ఫిబ్రవరిలో మిరపకు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసిన స్థితి వచ్చింది. అటువంటి ఏడాది తరువాత రైతు మిరప తగ్గించి కూలి తక్కువ పట్టే పంటకు మారితే, ఆ నిర్ణయపు రెండవ సగం కూలి ఇంట్లో విరామంగా కనిపిస్తుంది.

దీనికి పరిష్కారం కూడా సేద్య విజ్ఞానంలోనే ఉన్నది. నాటే తేదీలను విడతలుగా మార్చడం, ముందుగా, ఆలస్యంగా కాపుకు వచ్చే రకాలను కలిపి వేయడం, నీరున్న చోట వేసవి పెసర, మినుములకు చోటు కల్పించడం వంటి చర్యలు కోతల రద్దీని పలుచన చేస్తాయి. రైతుకు జనవరిలో కొరత తగ్గుతుంది, కూలికి విరామం తగ్గుతుంది. ఒకే చర్య రెండు ప్రయోజనాలు ఇవ్వగల సిఫారసులను గుర్తించాలంటే విరామాల నిడివి తెలిసి ఉండాలి.

అరవై రోజుల ప్రశ్న

ఈ చర్చ ఇప్పుడు తరగతి గదికి పరిమితం కాదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లి నుంచి అమలులోకి వచ్చినప్పుడు, కుటుంబానికి ఏడాదికి నూరు రోజుల పనితో పాటు మరొక హామీ కూడా ఇచ్చింది. పని కోరిన 15 రోజుల్లో పని చూపాలి, లేనట్లయితే నిరుద్యోగ భృతి చెల్లించాలి. నూరు రోజులు మొత్తం మీద పెట్టిన హామీ, 15 రోజులు విరామం మీద పెట్టిన హామీ. సమీక్షల్లో మొదటి దానికి దక్కిన ప్రాధాన్యం రెండవ దానికి దక్కలేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్) చట్టం హామీ దినాలను 125కు పెంచింది. వ్యవసాయ కూలీల కొరత రాకుండా విత్తే, కోసే కాలాల్లో ఏడాదికి మొత్తం 60 రోజుల వరకు పనులు నిలిపే వీలును రాష్ట్రాలకు ఇచ్చింది. ప్రాంతాల పంటల తీరును బట్టి ఈ కాలాన్ని వేరువేరుగా ప్రకటించే అవకాశమూ ఉన్నది. ఏ 60 రోజులు అన్నదే ఇక అసలు ప్రశ్న. వరి నాట్లు, కోతలను చూసి రాష్ట్రమంతటికీ ఒకే కాలాన్ని ఎంచుకుంటే, డెల్టాలో పని రద్దీగా ఉన్న వారంలో మెట్ట రాజుపాలెంలో పనులు ఆగవచ్చు. రద్దీ లేని వారంలో పనులు ఆపితే రైతుకు కూలీ అదనంగా దొరకడు, కూలికి విరామం మాత్రం పెరుగుతుంది. ఈ తప్పును నివారించగల సమాచారం మండల స్థాయిలో, వారాల వారీగా ఉండాలి. దానిని సమకూర్చగల స్థితిలో ఉన్నది కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు, పరిశోధనా స్థానాలే.

ఆచరణ ఎలా

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. నిరుద్యోగ గణన గణాంక శాఖ పని కదా అన్నది మొదటిది. గణాంక శాఖ రాష్ట్రపు రేటు చెబుతుంది. మిరప నాట్లు రెండు వారాలు వెనక్కి జరిగితే విరామం ఎన్ని రోజులు మారుతుందో చెప్పవలసింది పంటను ఎరిగినవారే. కూలీల కోసం రైతుకు యాంత్రీకరణ వద్దంటారా అన్నది రెండవది. వద్దని కాదు. ఏ పనికి యంత్రం ముందు, ఏ పనికి తరువాత అన్న క్రమాన్ని విరామాల లెక్క చూసి నిర్ణయించాలన్నదే ఇక్కడి వాదన.

ఆచరణకు భారీ నిధులు అక్కరలేదు. వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సర విద్యార్థులు గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాల్లో నివసిస్తున్నారు. ఒక్కొక్కరు పది కూలి కుటుంబాలకు వారానికొక గడి చొప్పున పని క్యాలెండరు నింపితే చాలు. గడిలో నమోదు చేయవలసినవి నాలుగే: ఎన్ని పూటలు పని, ఏ పని, పని లేని రోజున పిలుపు వస్తే వెళ్లేవారా, విరామం ముగిస్తే దేనితో ముగిసింది. ‘పని వెతికారా’ అన్న ప్రశ్న కన్నా ‘పిలుపు వస్తే వెళ్లేవారా’ అన్న ప్రశ్న ముఖ్యం. మేస్త్రి పిలుపు మీద నడిచే గ్రామంలో మహిళలు పని వెతుక్కుంటూ తిరగరు. పిలుపు రాని నాడు గేదెలను చూసుకుంటూ ఇంట్లో ఉన్న మహిళను గృహిణిగా రాస్తే ఆమె విరామం లెక్కలోంచే మాయమవుతుంది. పనికి సిద్ధంగా ఉన్నవారిని కూడా నిరుద్యోగులుగా గుర్తించే వీలు జాతీయ నిర్వచనంలోనే ఉన్నది. ప్రశ్న అడిగే తీరు దానిని నిలబెట్టాలి.

ఒక పరిమితిని మాత్రం ముందే గుర్తించాలి. విద్యార్థులు సాధారణంగా గ్రామంలో ఉండేది ఖరీఫ్ కాలంలో. దీర్ఘ విరామాలు వచ్చేది వేసవిలో. వారు వెళ్లే నాటికే మొదలై ఉన్న విరామాలకు మొదలైన తేదీని అడిగి రాయాలి, వారు తిరిగి వచ్చేసిన తరువాత అదే క్యాలెండరును రైతు సేవా కేంద్రం సిబ్బంది లేదా మహిళా సంఘం సభ్యులు కొనసాగించాలి. ఇది లేకుండా సేకరించిన సమాచారం కూలి జీవితపు సులువైన సగాన్ని మాత్రమే చూపుతుంది. వ్యక్తుల పేర్లు, అప్పుల వివరాలు గ్రామంలో బయటకు పొక్కకుండా సంకేత సంఖ్యలతో భద్రపరచడం కూడా పరిశోధకుల బాధ్యత.

రైతు పొలంలో జరిగే ప్రతి ప్రదర్శనా క్షేత్రపు ఫలితాల పట్టికలో దిగుబడి, నికర ఆదాయం, ఆదాయ వ్యయ నిష్పత్తి పక్కన మరొక వరుస చేర్చవచ్చు: ఈ పద్ధతి ఏ వారాల్లో ఎన్ని కూలి దినాలను పెంచింది, ఏ వారాల్లో తగ్గించింది. పరిశోధనా సలహా సమావేశాల్లో సిఫారసును ఆమోదించే ముందు ఆ వరుసను కూడా చదవాలి. కాలువ కింద ఒక గ్రామం, మెట్టలో ఒక గ్రామం ఎంచుకుని రాజుపాలెం మండలంలో మూడు సంవత్సరాల పాటు ఈ క్యాలెండరు నడిపితే, పనులు నిలిపే 60 రోజులు ఏవై ఉండాలో జిల్లా యంత్రాంగానికి ఊహతో కాక లెక్కతో చెప్పవచ్చు. ఆ లెక్క తొలి ఏడాది పూర్తికాకముందే తప్పు వారాలు ప్రకటితమైతే నష్టపోయేది కూలి కుటుంబాలే. కనుక వచ్చే ఏప్రిల్‌లో మిరప కల్లాలు ఖాళీ అయ్యే నాటికి మొదటి క్యాలెండర్లు గ్రామంలో ఉండాలి.